ఎంబసీలో ఆశ్రయం అడిగాం: అప్పగింత కేసులో మా అనుభవం

మా ఆయన మీద అప్పగింత కేసు నడిచినన్నాళ్ళూ తెలిసినవాళ్ళు, తెలియనివాళ్ళు అందరూ అడిగింది ఒకటే, ఏదో ఒక ఎంబసీలోకి వెళ్ళి కూర్చోవచ్చు కదా, రహస్య పత్రాలు బయటపెట్టిన వికీలీక్స్ అసాంజ్ కూర్చోలేదా అని. మేమూ ఆ ఆలోచన చేశాం, ఆలోచనతో ఆగకుండా నిజంగానే ఒక ఎంబసీకి వెళ్ళి కాగితం మీద రాసిచ్చి మరీ ఆశ్రయం అడిగాం. అక్కడ ఏం జరిగింది, తర్వాత దానివల్ల ఏమైంది అనేది వివరంగా రాద్దామని చాన్నాళ్ళుగా అనుకుంటున్నా. మేమున్న దేశం ఏది, మా ఆయన్ని అడిగిన దేశం ఏది, ఆ ఎంబసీ ఎవరిది అన్నది మాత్రం రాయను, ఇంకా కొన్ని కాగితాలు తేలాలి, మా లాయర్ గారు కూడా పేర్లు వద్దన్నారు.

కేసు సంగతి క్లుప్తంగా చెప్తా. మా ఆయన అకౌంటెంట్. ఇంతకుముందు పనిచేసిన దేశంలో ప్రభుత్వ కాంట్రాక్టుల లెక్కలు చూసేవారు, అందులో జరగని పనులకి బిల్లులు పాసైపోవడం చూసి పైవాళ్ళకి చెప్పారు, ఎవరూ పట్టించుకోకపోతే ఆ కాగితాలు ఒక విలేకరికి ఇచ్చారు. మేం అక్కణ్ణుంచి వచ్చేసి ఇక్కడ స్థిరపడ్డాక ఆ దేశం ఆయన మీద దొంగతనం, ప్రభుత్వ రహస్యాలు బయటపెట్టడం అని రెండు నేరాలు మోపి ఇంటర్‌పోల్ ద్వారా రెడ్ నోటీసు, అంటే దొరికితే పట్టుకోమని దేశదేశాల పోలీసులకి వెళ్ళే విన్నపం, పెట్టించి, ఈయన్ని మాకు అప్పగించండి అని ఇక్కడి ప్రభుత్వాన్ని అడిగింది. అరెస్టు చేశారు, తర్వాత బెయిల్ ఇచ్చారు. పాస్‌పోర్టు కోర్టులో పెట్టాలి, సాయంత్రాలు పోలీస్ స్టేషన్‌లో సంతకం పెట్టాలి, రాత్రిళ్ళు ఇంట్లోనే ఉండాలి, ఇద్దరు జామీను ఉండాలి. జామీను ఉన్నది ఆయన ఆఫీసులో పనిచేసే ఒకాయన, వాళ్ళావిడ, నేను అన్నయ్యగారు, వదినగారు అని పిలుస్తా, వాళ్ళ పొదుపంతా మా కోసం కోర్టుకి రాసిచ్చారు. కింది కోర్టులో ఓడిపోయాం, అప్పీల్లోనూ ఓడిపోయాం. ఇక మిగిలింది మంత్రి గారి సంతకం, ఆ తర్వాత విమానం ఎక్కించడమే. అదిగో అప్పుడు మొదలైంది ఈ ఎంబసీ మాట.

లాయర్ గారి దగ్గర కూర్చున్నప్పుడు ఆవిడ ముందే చెప్పేశారు, బెయిల్ తప్పి ఎక్కడికైనా వెళ్ళండి అని నేను చచ్చినా చెప్పను, చెప్తే నా లైసెన్సు పోతుంది, చట్టం ఏమంటుందో మాత్రం చెప్తా వినండి అని. ఎంబసీ అంటే ఆ దేశపు నేల అని మేం అనుకునేవాళ్ళం, చాలామంది ఇప్పటికీ అలాగే అనుకుంటారు. కాదట. నేల మనం ఉన్న దేశానిదే, చట్టమూ ఈ దేశానిదే, కాకపోతే 1961 వియన్నా ఒప్పందం 22వ ఆర్టికల్ ప్రకారం రాయబారి అనుమతి లేకుండా పోలీసులు లోపలికి రాకూడదు. అంతవరకే. లోపల ఉన్నవాళ్ళకి ఆశ్రయం ఇవ్వచ్చు, వాళ్ళని బయటికి పంపించాలి అని ఆ ఒప్పందంలో ఎక్కడా లేదు. అలా రాసుకున్నది లాటిన్ అమెరికా దేశాలు మాత్రమే, 1954లో కరకస్‌లో ఒప్పందం చేసుకున్నాయి, ఆశ్రయం ఇచ్చిన దేశం అడిగితే ఆ మనిషిని క్షేమంగా దేశం దాటనివ్వాలి అని అందులో ఉంది. కానీ ఆ ఒప్పందంలో లేని దేశానికి అది వర్తించదు. మేమున్న దేశం అందులో లేదు.

ఆ ఒప్పందం రావడానికి కారణమైన కేసు కూడా ఆవిడే చెప్పారు, అది విన్నాక మా ఆయన ముఖంలో రంగు మారింది. పెరూ నాయకుడు హయా డి లా టోరె 1949 జనవరిలో లిమాలోని కొలంబియా ఎంబసీలోకి వెళ్ళారు. పంచాయితీ అంతర్జాతీయ న్యాయస్థానం దాకా వెళ్తే 1950లో ఏమన్నారంటే ఇది రాజకీయ నేరమే అని కొలంబియా ఒక్కతే నిర్ణయించేస్తే పెరూ ఒప్పుకోవాల్సిన పనిలేదు, దారి ఇవ్వాల్సిన పనీ లేదు అన్నారు, మళ్ళీ 1951లో ఆయన్ని పెరూకి అప్పగించాల్సిన బాధ్యత కూడా కొలంబియాకి లేదు అన్నారు. ఆయన్ని బయటికి పంపరు, పట్టుకునీ ఇవ్వరు, అలా 1954 దాకా అయిదేళ్ళకి పైగా ఆ ఇంట్లోనే ఉండిపోయారు.

అసాంజ్ సంగతి అయితే మేం రాత్రిళ్ళు కూర్చుని ఒక్కో తారీఖూ చదివాం, ఎందుకంటే మా పరిస్థితికి దగ్గరగా ఉన్నది అదే, ఆయనా స్వీడన్ పెట్టిన అప్పగింత కేసులో అన్ని కోర్టులూ ఓడిపోయాకే, బెయిల్ మీద ఉండగానే 2012 జూన్ 19న లండన్‌లో ఈక్వడార్ ఎంబసీలోకి వెళ్ళారు. ఆగస్టు 16న ఈక్వడార్ ఆశ్రయం ఇచ్చింది. బ్రిటన్ మాత్రం మాకు ఆ పద్ధతి వర్తించదు, గుమ్మం దాటితే అరెస్టే అంది. ఆ ఎంబసీ పెద్ద బంగళా ఏం కాదు, ఒక భవనంలో ఒక అంతస్తులో ఉన్న ఆఫీసు, నడవడానికి పెరడు కూడా లేదు, అందులో ఏడేళ్ళకి దగ్గర దగ్గర. ఈలోగా ఈక్వడార్‌లో ప్రభుత్వం మారింది, పాత అధ్యక్షుడు రఫాయెల్ కొర్రెయా ఇచ్చిన ఆశ్రయాన్ని కొత్త అధ్యక్షుడు మొరేనో వెనక్కి తీసుకున్నారు, 2019 ఏప్రిల్ 11న రాయబారే పోలీసులని లోపలికి రానిచ్చారు. బెయిల్ తప్పినందుకు 50 వారాల శిక్ష. అన్నిటికంటే నన్ను భయపెట్టింది దాని తర్వాతది. 2021 జనవరి 4న జడ్జి గారు ఆయన్ని అమెరికాకి అప్పగించడానికి వీల్లేదు అని తీర్పిచ్చి, రెండు రోజులు తిరక్కుండా బెయిల్ మాత్రం ఇవ్వను అన్నారు, ఇంతకుముందు ఎంబసీలోకి వెళ్ళిపోయిన మనిషి మళ్ళీ వెళ్ళడని నమ్మకమేంటి అని. గెలిచి కూడా జైల్లోనే ఉన్నారు. నేను ఈ పేరా రెండుసార్లు చదివి మా ఆయనకి చూపించా, చదివి ఏం మాట్లాడలేదు.

ఇక జామీను విషయం. మేమిద్దరం నిజంగా గొడవ పడింది దీని మీదే. అసాంజ్ తరఫున పూచీ ఉన్న తొమ్మిది మంది మొత్తం కలిపి 93,500 పౌండ్లు కోర్టుకి కట్టాల్సి వచ్చింది. వాళ్ళు ఆయన్ని లోపలికి పంపినవాళ్ళు కాదు, నమ్మి సంతకం పెట్టినవాళ్ళు. నేను అన్నా, "ఏమండీ, మీరు లోపలికెళ్ళి కూర్చుంటే పోలీసులు మిమ్మల్ని ముట్టుకోలేరు సరే, మరుసటి రోజు అన్నయ్యగారింటికి వస్తారు కదండీ, వాళ్ళ పిల్ల చదువు డబ్బులు అవి" అని. ఆయన "నన్ను అక్కడికి పంపిస్తే నేను మళ్ళీ బయటికి రానని నీకు తెలీదా" అన్నారు. రెండూ నిజమే. నాకు జవాబు లేదు, ఆయనకీ లేదు, ఆ రాత్రి ఇద్దరం పడుకోలేదు.

దారి చూపించింది లాయర్ గారే. ఎంబసీకి వెళ్ళి అడగడం బెయిల్ తప్పడం కాదు, సాయంత్రం సంతకానికి రాకపోవడం తప్పడం, మీ బెయిల్ ఆర్డర్లో ఎంబసీలకి వెళ్ళకూడదు అని షరతు లేదు, ఆర్డర్ కాపీ ఇదిగో అన్నారు. అంటే పగటిపూట వెళ్ళి దరఖాస్తు ఇచ్చి రావచ్చు, వాళ్ళు ఒప్పుకుంటే అప్పుడు ఆలోచించుకోవచ్చు. అయినా ఈ సంగతి అన్నయ్యగారికి చెప్పకుండా వెళ్ళడం నాకు ఇష్టం లేక ముందే వాళ్ళింటికి వెళ్ళి చెప్పాం. ఆయన కాసేపు ఆలోచించి "వెళ్ళి అడగండమ్మా, కానీ సాయంత్రానికి తిరిగి వస్తానని నాకు మాటివ్వండి" అన్నారు. మా ఆయన ఆయన చెయ్యి పట్టుకుని మాటిచ్చారు.

దరఖాస్తు రాయడమే పెద్ద పని. మాకు అన్యాయం జరిగింది, కాపాడండి అని రాస్తే సరిపోదు. మేమున్న దేశం అందులో లేకపోయినా ఆ ఎంబసీవాళ్ళు చూసేది కరకస్ ఒప్పందమే, దాని 3వ ఆర్టికల్ ప్రకారం మామూలు నేరాల్లో ఉన్నవాళ్ళకి ఆశ్రయం ఇవ్వకూడదు, కాబట్టి ఈ దొంగతనం కేసు దొంగతనం కేసు కాదు, నిజాలు బయటపెట్టినందుకు పెట్టిన కేసు అని తారీఖులతో సహా చూపించాలి. ఆ కథనం అచ్చైన రోజేది, ఎఫ్ఐఆర్ లాంటిది కట్టిన రోజేది, రెంటికీ మధ్య ఎంత తక్కువ వ్యవధి ఉంది, అదే ఆఫీసులో ఫైళ్ళు ఇంటికి పట్టుకెళ్ళిన మిగతావాళ్ళ మీద ఎందుకు కేసు లేదు, ఆ విలేకరికి ఏమైంది, ఆ జైళ్ళ మీద వచ్చిన రిపోర్టులు, ఇవన్నీ వరసలో పెట్టాలి. రెండోది, తొందర ఎంత ఉందో చూపించాలి, 5వ ఆర్టికల్ అత్యవసరం ఉంటేనే అంటుంది, మాకు అత్యవసరమంటే అప్పీల్ తీర్పు కాపీ. అన్నిటినీ ఆ దేశపు భాషలోకి ధ్రువీకరించిన అనువాదకుల చేత తర్జుమా చేయించాలి. నేను టైపు చేస్తుంటే మా ఆయన పక్కన కూర్చుని ప్రతి వాక్యానికీ రుజువు కాగితం నంబరు చెప్పేవారు, ఆడిటర్ అలవాటు పోలేదు, రుజువు లేని వాక్యం ఒక్కటి రాసినా తీసేయించేవారు. అప్పుడు విసుగొచ్చింది కానీ తర్వాత ఆ ఫైలే మాకు అక్కరకొచ్చింది, అది కింద చెప్తా.

వెళ్ళిన రోజు వీసా వేళల్లో వెళ్ళాం, ఎందుకంటే మామూలు మనిషికి ఎంబసీ తలుపు తెరుచుకునేది అప్పుడే. గేటు దగ్గర ఫోన్లు తీసుకున్నారు, బ్యాగు వెతికారు, టోకెన్ ఇచ్చారు. హాల్లో అందరూ వీసా ఫారాలు నింపుకుంటున్నారు. అద్దం వెనకాల ఉన్న అమ్మాయి "ఏ వీసా అండీ" అని అడిగింది, మా ఆయనకి గొంతు పెగల్లేదు. నేను కవరు ఆ సందులోంచి లోపలికి తోశా. పై కాగితం చదివింది, ఇంకోసారి చదివింది, మమ్మల్ని కూర్చోమని చెప్పి, పక్క కిటికీ ఆయనకి ఏదో చెప్పి, కవరు పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. మా టోకెన్ నంబరు బోర్డు మీద అలాగే ఉండిపోయింది, వెనకున్నవాళ్ళు మమ్మల్నే చూస్తున్నారు.

చాలాసేపటికి సెకండ్ సెక్రటరీ అని ఒకాయన వచ్చి చిన్న గదిలోకి తీసుకెళ్ళారు. మంచినీళ్ళు ఇచ్చారు. మర్యాదగా మాట్లాడారు, కానీ కూర్చోగానే అడిగిన మొదటి ప్రశ్న, "ఈ రోజు మీరు ఇక్కణ్ణుంచి బయటికి వెళ్తారా, వెళ్ళనంటారా?" అని. కేసేంటి, ఎవరు మీరు, ఇవేవీ కాదు, ముందు అది. మా ఆయన నా వైపు చూశారు. ఆ ఒక్క క్షణం నాకు ఇప్పటికీ గుర్తొస్తుంటుంది, తలుపు మూసుంది, లోపల ఏసీ చప్పుడు తప్ప ఏం లేదు, ఆయన ఉంటాను అంటే ఆ క్షణం నుంచి పోలీసులు ఆయన్ని ముట్టుకోలేరు. ఆయన "వెళ్తానండీ, సాయంత్రం స్టేషన్లో సంతకం ఉంది" అన్నారు. ఆ ఆఫీసర్ కుర్చీలో వెనక్కి వాలారు, అప్పుడు పెన్ను తీశారు.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంతవరకూ ఇదీ. రాయబారికి సొంతంగా నిర్ణయం తీసుకునే అధికారం లేదు, కాగితాలు రాజధానిలో విదేశాంగ శాఖకి వెళ్ళాలి. వాళ్ళు చూసేది మీ కేసు ఒక్కటే కాదు, ఈ దేశంతో మా సంబంధాలు, మిమ్మల్ని అడుగుతున్న దేశంతో మా వ్యాపారం, ఇవి కూడా చూస్తారు. ఇవ్వాలని ఏ చట్టమూ మమ్మల్ని బలవంతపెట్టదు, ఇవ్వడం మా హక్కే కానీ బాధ్యత కాదు. కరకస్ ఒప్పందం 2వ ఆర్టికల్లో సరిగ్గా ఇదే ఉందని లాయర్ గారు ముందే చెప్పారు, కాబట్టి ఆయన దాస్తున్నది ఏం లేదు. కాపీ మీద స్టాంపు వెయ్యమంటే వెయ్యలేదు, ఆశ్రయం దరఖాస్తు తీసుకున్నట్టు రసీదు ఇచ్చే పద్ధతి లేదన్నారు. సాయంత్రం సంతకానికి టైముకే వెళ్ళాం. అన్నయ్యగారికి ఫోన్ చేసి చెప్పా.

ఎదురుచూసిన రోజుల్లో ఇంకా చదివాం, చదివిన కొద్దీ భయమే పెరిగింది. పెరూ మాజీ అధ్యక్షుడు అలన్ గార్సియా 2018 నవంబరులో ఉరుగ్వే రాయబారి ఇంట్లోకి వెళ్ళి ఆశ్రయం అడిగితే డిసెంబరు 3న ఇవ్వం అన్నారు, ఇది రాజకీయ వేధింపు కాదు, అక్కడ కోర్టులు స్వతంత్రంగానే పనిచేస్తున్నాయి అని. మాజీ అధ్యక్షుడికే అలా అయితే ఒక అకౌంటెంటుని ఎవరు పట్టించుకుంటారు అనిపించింది. ఈక్వడార్ మాజీ ఉపాధ్యక్షుడు హోర్హే గ్లాస్ అక్కడి రాజధాని కీటోలో మెక్సికో ఎంబసీలో ఉంటే, 2024 ఏప్రిల్ 5న మెక్సికో ఆశ్రయం ఇచ్చిన రోజు రాత్రే పోలీసులు గోడ దూకి మరీ పట్టుకెళ్ళారు. మెక్సికో సంబంధాలు తెంచుకుంది, కానీ ఆయన మాత్రం జైలుకే వెళ్ళారు.

జవాబు ఫోన్లోనే వచ్చింది, రమ్మన్నారు. అదే గది, అదే ఆఫీసర్. మీ కేసులో రాజకీయ కోణం లేదని మేం అనట్లేదు, కానీ మీరున్న దేశం దారి ఇవ్వదు, మిమ్మల్ని ఎన్నాళ్ళు ఉంచుకోవాలో తెలియకుండా మా ప్రభుత్వం ఒప్పుకోలేదు, మీరు ఎలాగైనా మా దేశానికి చేరితే అక్కడ దరఖాస్తు పెట్టుకోవచ్చు అన్నారు. పాస్‌పోర్టు కోర్టులో ఉన్న మనిషి ఎలా చేరతాడు. కాగితం ఏమీ ఇవ్వలేదు, నోటి మాటే. గేటు దగ్గర ఫోన్లు తిరిగి తీసుకుంటుంటే మా ఆయన "పోనీలే" అన్నారు, అంతే అన్నారు.

దెబ్బ అక్కడితో ఆగలేదు. తర్వాత వాయిదాలో ప్రభుత్వం తరఫు లాయర్ లేచి, ఈయన ఫలానా రోజుల్లో ఫలానా ఎంబసీకి వెళ్ళారు, పారిపోయే ప్రయత్నం, బెయిల్ రద్దు చెయ్యండి అన్నారు. వాళ్ళకి ఎలా తెలిసిందో మాకెవరూ చెప్పలేదు. మా లాయర్ గారు స్టేషన్ సంతకాల రిజిస్టరు తెప్పించి చూపించారు, ఒక్క రోజు తప్పలేదు, ఎంబసీకి వెళ్ళిన రోజు కూడా సంతకం ఉంది. జడ్జి గారు అన్నయ్యగారిని, వదినగారిని పిలిచి, ఇది తెలిశాక కూడా పూచీ ఉంటారా అని అడిగారు. వదినగారు లేచి నిలబడి "వాళ్ళు వెళ్ళేముందు మాకు చెప్పే వెళ్ళారండీ" అన్నారు. ఆ మాటే బెయిల్ నిలబెట్టిందని నా నమ్మకం. కానీ కాలికి ట్యాగ్ వేశారు, ఏ ఎంబసీ దగ్గరికీ వెళ్ళకూడదని కొత్త షరతు పెట్టారు. అడగడానికి వెళ్ళినందుకే ఇంత, లోపల ఉండిపోయి ఉంటే ఇక జన్మలో ఏ జడ్జీ బెయిల్ ఇచ్చేవారు కాదు.

మమ్మల్ని బయటపడేసింది కోర్టే. ఎంబసీ కోసం తయారుచేసిన ఆ ఫైలుని లాయర్ గారు మొత్తం చదివి, ఇది అప్పీల్లో లేదు కదా, ఇదే వేరేగా వెయ్యాల్సింది అన్నారు. ఇక్కడి ప్రభుత్వం దగ్గరే శరణార్థిగా దరఖాస్తు పెట్టాం. 1951 శరణార్థుల ఒప్పందం ప్రకారం హింస ఉన్న చోటికి మనిషిని వెనక్కి పంపకూడదు, ఆ దరఖాస్తు తేలేదాకా మంత్రి గారి సంతకం ఆగింది. ఆ ఆగిన టైములో కొత్త రుజువుల మీద అప్పీల్ మళ్ళీ తెరిపించారు. రెండు దేశాల్లోనూ నేరమైతేనే అప్పగించాలి అనేది చాలా చోట్ల ఉండే సూత్రం, అవినీతి బయటపెట్టడం ఇక్కడ నేరం కాదు కాబట్టి రహస్యాల నేరం పోయింది, దొంగతనం అనేది పేరుకే, అసలు ఉద్దేశం శిక్షించడమే అని తారీఖుల పట్టిక చూసి కోర్టు ఒప్పుకుంది. అప్పగింత కుదరదన్నారు. అన్నయ్యగారి పూచీ రద్దయిన కాగితం ఆయన చేతికి ఇచ్చినప్పుడు మా ఆయన ఏడ్చారు, కేసు గెలిచినప్పుడు ఏడవలేదు.

ఎంబసీ ఆశ్రయం పనికిరాదు అని నేను అనను. 1973 సెప్టెంబరు 11న చిలీలో సైన్యం ప్రభుత్వాన్ని కూల్చినప్పుడు శాంటియాగోలో ఎంబసీలు జనంతో నిండిపోయాయి, స్వీడన్ రాయబారి హరాల్డ్ ఎడెల్‌స్టాం లాంటివాళ్ళు ఎంతోమందిని కాపాడారు. అక్కడ కోర్టు లేదు, లాయర్ లేడు, వీధిలో దొరికితే ప్రాణం లేదు. అలాంటప్పుడు ఆలోచించక్కర్లేదు, దొరికిన గుమ్మంలోకి దూరాలి. కానీ మనమున్న దేశంలో కోర్టు తలుపు తెరిచే ఉండి, ఇంకా వెయ్యాల్సిన దరఖాస్తులు మిగిలి ఉన్నప్పుడు, ఎంబసీలోకి వెళ్ళేవాళ్ళు దయచేసి ముందు పూచీ ఉన్నవాళ్ళకి చెప్పండి, ఇక్కడే శరణార్థి దరఖాస్తు పెట్టారా లేదా అని లాయర్ని అడగండి, బెయిల్ ఆర్డర్ అక్షరం అక్షరం చదివించుకోండి.

ఇప్పుడు మాకు మిగిలింది రెడ్ నోటీసు. ఒక దేశం అప్పగించనంత మాత్రాన అది దానంతట అది పోదు, ఇంకో దేశం ఎయిర్‌పోర్టులో దిగితే మళ్ళీ ఆపచ్చు. ఇంటర్‌పోల్ సొంత నియమావళి 3వ ఆర్టికల్ రాజకీయ కేసుల్లో తలదూర్చకూడదు అంటుంది, దాన్ని పట్టుకుని ఫ్రాన్స్‌లోని లియాన్‌లో ఇంటర్‌పోల్ ఫైళ్ళు పరిశీలించే కమిషన్ ఒకటి ఉంటే దానికి తీర్పు కాపీ, తారీఖుల పట్టిక జతచేసి తొలగించమని రాశాం. ఫైలు అందింది అని ఉత్తరం వచ్చింది, నిర్ణయం ఇంకా రాలేదు, వచ్చేదాకా మా ఆయన ఈ దేశం దాటరు.